అవ్వ సీసాలు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు పండ్ల ఈగల గురించి నేను చెబితే ఇంట్లోవాళ్లు కూడా వినలేదు. రిటైరై నల్లగొండలో ఇంటిపట్టున ఉంటున్న ఈ రోజుల్లో మాత్రం, పరిశోధనలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి మీ అనుభవం చెప్పండి సార్ అంటున్నారు. వాళ్లకు నిజంగా కావలసింది ఏ పత్రికలో వ్యాసం పడితే ఉద్యోగం వస్తుందన్న సంగతి. నాకు చెప్పాలనిపించేది ఒక ఎండాకాలం ముచ్చట. వచ్చినవాళ్లు మర్యాదకు కూర్చుంటారు కాబట్టి చెప్పేస్తుంటాను. మీరూ అలాగే కూర్చున్నారని అనుకుంటాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు జరిగింది ఇది. నేను జంతుశాస్త్రం చెప్పే విశ్వవిద్యాలయం ఊరికి ఎడంగా, గుట్టల పక్కన ఉండేది. మా శాఖలో ఈగల గది అని ఒకటి ఉండేది. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు కలిపి ఉడికించిన జావను చిన్న గాజు సీసాల అడుగున పోసి, మూతికి దూది ఉండ కుక్కి, అందులో ఈగలను పెంచేవాళ్లం. మామిడిపండు తొక్క మీద ముసిరే చిన్న ఈగలే అవి. రెండు వారాలు తిరగకముందే గుడ్డు ఈగ అవుతుంది, ఆ ఈగ మళ్లీ గుడ్లు పెడుతుంది. మనిషి మీద తేలడానికి తరాలు పట్టే విషయం ఈగ మీద ఒక సెమిస్టరులో తేలుతుంది. అందుకే లోకమంతా శాస్త్రవేత్తలు వాటి వెంట పడ్డారు. మా గదిలోంచి తప్పించుకున్నవి పై అంతస్తులో చరిత్ర శాఖవాళ్ల టీ గ్లాసుల్లో పడేవి, వాళ్లు నెలకోసారి మా మీద ఫిర్యాదు రాసేవాళ్లు.

మా పని క్రోమోజోముల మీద. కాస్త ఓపిక పట్టండి, ఈ పేరా దాటితే మిగతాది చాలావరకు మనుషుల సంగతే. కణంలో క్రోమోజోము అంటే ఎంతో పొడవైన దారం, చాలా ఇరుకైన చోట మడిచి పెట్టింది. కొన్ని చోట్ల ఆ దారం బిగుసుకుని ముద్దగా ఉంటుంది. ఆ ముద్దలో చిక్కిన జన్యువు పనిచేయదు. పక్కనే వదులుగా ఉన్న చోట జన్యువులు హాయిగా పనిచేస్తుంటాయి. మరి ఆ బిగుతు పక్కకు పాకకుండా ఆపేది ఏమిటి? దారం మీద అక్కడక్కడ హద్దులాంటి ముక్కలు ఉంటాయి. వాటి మీదికి ఇన్సులేటర్ ప్రోటీన్లు అనేవి వచ్చి కూర్చుంటాయి. దూరదూరంగా ఉన్న రెండు హద్దులను దగ్గరకు చేర్చి పట్టుకుని, మధ్యలోని దారాన్ని విడిగా ఒక ఉచ్చులా నిలబెడతాయి. ఇంట్లో అర్రల మధ్య గోడలున్నట్టు, ఆ పక్క గొడవ ఈ పక్కకు రాదు. కరెంటు తీగ మీది తొడుగుకు ఏ పేరో వీటికీ అదే పేరు. మా భవనంలో తీగలకు ఆ తొడుగు చాలాచోట్ల ఊడిపోయి ఉండేదని ఇప్పుడే చెప్పి పెడతాను, ముందు దానితో పని పడుతుంది.

ఈ విషయం మీద నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన అమ్మాయిది పోచంపల్లి. ఇంట్లో మగ్గాలు. నేతకు ముందు నూలును బిగుతుగా సాగదీసి, రంగు అంటకూడని చోట సైకిలు ట్యూబు పీలికలతో కట్లు కట్టడం ఆమె చిన్నప్పటి నుంచీ చేసిన పని. ఆమెను హాస్టల్లో దింపడానికి వచ్చిన రోజు వాళ్ల తండ్రి నా గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మా ఇంట్ల కట్టు కట్టేది ఈమెనే సారూ. ఇగ ఈమె ఈడికొస్తే ఒక మగ్గం ఆగినట్టే. గీ ఈగలతోని ఏం చేస్తది?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "రంగు పక్కకు పారకుండ మనం నూలుకు కడ్తం గదా బాపు. ఈగ లోపల గూడ గసొంటి కట్లున్నయ్. ఎట్ల కడ్తున్నయో చూడాలె."

"సూసినంక?"

"సూసినంక నన్ను డాక్టరంటరు."

ఆయన నా వైపు తిరిగి, "సూదులిచ్చే డాక్టరు కాదు గద సారూ" అన్నాడు. కాదన్నాను. కొంచెం నిరుత్సాహపడ్డాడు కానీ, ఆమె పెట్టెను హాస్టలు పై అంతస్తు దాకా తానే మోశాడు.

ప్రయోగం వినడానికి తేలిక. ఈగ కంటికి ఎరుపునిచ్చే జన్యువు ఒకటి ఉంది. దాన్ని బిగుతు ముద్ద పక్కన పెడితే, కొన్ని కణాల్లో బిగుతు పాకి దాన్ని నొక్కేస్తుంది, కొన్నింటిలో పాకదు. కన్ను ఎరుపు మీద తెల్ల మచ్చలతో వస్తుంది. అదే జన్యువును అదే చోట, రెండు పక్కలా హద్దు ముక్కలు చేర్చి పెడితే? అవి నిజమైన హద్దులైతే ఇన్సులేటర్ ప్రోటీన్లు వచ్చి కాపు కాస్తాయి, కన్ను నిండా ఎర్రగా వస్తుంది. ఆమె నాలుగు ముక్కలను ఎంచుకుంది. ఒక్కోదానికి ఒక్కో ఈగల వంశం తయారు చేయడానికే మూడేళ్లు పట్టింది. హద్దు ముక్కలు లేని, మచ్చల కళ్ల పాత వంశంతో వీటిని పోల్చాలి. దాన్ని ఒక పెద్ద ప్రయోగశాల నుంచి తెచ్చుకున్నాం. వేడికి బొత్తిగా తట్టుకోదు, పోతే మళ్లీ దొరకడం కష్టం. అన్నిటికంటే ముందు వచ్చింది కాబట్టి ఆ సీసాలను గదిలో అందరూ అవ్వ సీసాలు అనేవాళ్లు.

ఆ గదిని నడిపేది మా అటెండరు. దేవరకొండ దిక్కు పల్లె నుంచి వచ్చిన ఆమె, నలభై దాటిన మనిషి. జావ ఉడికించడం, సీసాలు కడగడం, మార్చడం అన్నీ ఆమె పనులే. ఒకరోజు పోచంపల్లి అమ్మాయి ఆమెను పిలిచి, అవ్వ సీసాలోని ఈగను మైక్రోస్కోపు కింద చూపించింది.

ఆమె చాలాసేపు చూసింది. "అయ్యో, దీనికి కండ్లు సరిగ లెవ్వు గదా బిడ్డా. మా అవ్వకు కంట్ల పువ్వు పడ్డట్టే ఉన్నది."

"గవి గట్లనే ఉంటయ్ అక్కా. దానికేం కాదు."

"నొప్పి పెడ్తదా?"

"లేదక్కా."

ఆమె నమ్మినట్టు లేదు. వాళ్ల అవ్వకు పెద్ద దవాఖానలో కంటి ఆపరేషను చేసినప్పుడు ఎండ, వేడి తగలనీయొద్దని డాక్టరు ఎంత గట్టిగా చెప్పాడో ఆ మధ్యాహ్నమంతా చెబుతూనే ఉంది. మేం ఊకొట్టి మా పనిలో పడిపోయాం.

ఆ ఏడు చలికాలం చివర్లో, ఈగలను ఒకే చల్లదనంలో ఉంచే పెట్టె పాడైంది. బాగుచేసేవాడు హైదరాబాదు నుంచి రావాలి. ఫోను చేసినప్పుడల్లా రేపే వస్తానన్నాడు. నేను రిటైరయ్యేదాకా ఆ రేపు రాలేదు. గదికున్న ఏసీ మీదే నెట్టుకొచ్చాం. ఊళ్లో కరెంటు బాగానే ఉండేది. మా భవనంలోనే, మధ్యాహ్నం అన్ని గదుల ఏసీలూ ఒక్కసారి వేసేసరికి, తొడుగు ఊడిన ఆ తీగలు తట్టుకోలేక ఫ్యూజు ఎగిరిపోయేది. ఎలక్ట్రీషియన్ భోంచేసి, కునుకు తీసి, సాయంత్రం వచ్చేదాకా అంతే సంగతులు.

ఆ వెంటనే వచ్చిన ఎండాకాలంలో కళ్ల లెక్క మొదలైంది. నాలుగు కొత్త వంశాలకు నాలుగూ ఎర్రగా వచ్చాయి. అవ్వ సీసాల్లోవి మునుపటి కంటే ఎక్కువ మచ్చలతో వచ్చాయి. అంత స్పష్టమైన తేడాను నా సర్వీసులో చూడలేదు. గర్వంగా స్టాఫ్ రూములో నలుగురికీ చెప్పాను, వాళ్లు టీ తాగుతూ విన్నారు. వానలు పడేలోపు సెమినారు, ఆ వెంటనే థీసిస్ అనుకున్నాం. ఫెలోషిప్ కూడా అప్పటికి అయిపోతుంది. పోచంపల్లిలో ఆగిన మగ్గం సంగతి ఎవరైనా అడిగితే, ఇంకొన్ని నెలల్లో బిడ్డ డాక్టరై వస్తుందని ఆమె తండ్రి చెబుతున్నాడట.

సెమినారు దగ్గరపడిన ఒక మధ్యాహ్నం. మామూలుగా ఆ వేళ ఈగల గదిలో అటెండరు తప్ప ఎవరూ ఉండరు. అమ్మాయి హాస్టలుకు అన్నానికి పోయి ఎండ చల్లబడ్డాకే వస్తుంది, నేను నా గదిలో టిఫిను డబ్బా ఖాళీ చేసి కాళ్లు చాపుతాను. ఆ రోజు హాస్టలు మెస్సు మూసేశారు, ఆమె పోలేదు. ఫ్యూజు మాత్రం మామూలుగానే ఎగిరింది. కాసేపటికి ఆమె రెండు సీసాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, పట్టుకోండ్రి," అంటూ చెరో చేతిలో ఒకటి పెట్టింది.

రెండింటిలోనూ ఈగలు బాగానే ఉన్నాయి. జావ చూశాను, దూది ఉండ చూశాను. "ఏముంది వీటిల్ల?" అన్నాను.

"లోపల కాదు సార్. చేతికి చూడుండ్రి."

కుడిచేతిలోది గోరువెచ్చగా ఉంది. ఎడమచేతిలోది చల్లగా ఉంది, అప్పుడే కుండలో ముంచిన గ్లాసులా. దాని అడుగున తడి ఇసుక అంటుకుని ఉంది. చీటీ చదివాను. అవ్వ సీసా.

వరండా చివర తాగునీళ్ల మట్టికుండలు, రంజన్లు ఉండేవి. వాటి కింద ఇసుక పోసి, రోజూ తడిపేవాళ్లు. ఫ్యూజు పోగానే మా అటెండరు అవ్వ సీసాలను తువ్వాలులో ఎత్తుకొచ్చి ఆ తడి ఇసుకలో మెడదాకా కూర్చోబెట్టేది. సాయంత్రం కరెంటు రాగానే తీసి, శుభ్రంగా తుడిచి, మళ్లీ అరలో వరసగా పెట్టేది. అంత శుభ్రంగా తుడవకపోతే ఎప్పుడో కనిపెట్టేవాళ్లం. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ ఇదే వరస. కొత్త సీసాలను ఎందుకు పెట్టలేదని అమ్మాయి అడిగితే, వాటికి కండ్లు మంచిగనే ఉన్నయి గదా అన్నదట.

ఇందులో ఏముందని మీకు అనిపించవచ్చు. ఈగ పెరిగేటప్పుడు వేడి ఎక్కువైతే క్రోమోజోములోని ఆ బిగుతు సడలి, కంట్లో ఎరుపు పెరుగుతుంది. చల్లగా ఉంటే బిగుతు ఇంకా పక్కకు పాకి, మచ్చలు పెరుగుతాయి. మా రంగంలో ఇది అందరికీ తెలిసిందే. అంటే కళ్లు బాగాలేవని మా అటెండరు ఎంత చల్లగా చూసుకుందో, ఆ కళ్లకు అన్ని మచ్చలు పడ్డాయి. అరలో వేడికి కొత్త ఈగల కళ్లు ఎర్రబడ్డాయి. నేను చెప్పుకుని తిరిగిన తేడా హద్దు ముక్కలదో, ఇసుకదో ఇక ఎవరూ చెప్పలేరు.

నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక, పెట్టె బాగుచేసేవాడికి ఫోను చేసి తిట్టాను. రేపే వస్తానన్నాడు.

మా శాఖాధిపతి మంచివాడు. మంచివాడు కాబట్టే భయపడి, అమ్మాయిని కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. "చూడమ్మా, ఫెలోషిప్ పెంచనీకి నా దగ్గర తోవ లేదు. నువ్వు లెక్కపెట్టిన కండ్లయితే నిజమే గదా, అబద్ధమేం రాస్తలేవు. ఇసుక ముచ్చట ఒక్కటి రాయకుంటే అయిపాయె. ఎవరడుగుతరు?"

ఆమె తల వంచుకుని విన్నది. "ఇంకోచోట ఇంకెవరన్న చేసి చూస్తరు సార్. వాళ్ల దగ్గర ఇసుక ఉండదు," అన్నది.

ఆయన నా వైపు చూశాడు. ఆమె ఎట్లంటే అట్లనే కానిద్దామన్నాను. అందులో నా గొప్పతనం ఏమీ లేదు, ఆమె చెప్పింది నిజం, అంతే. సెమినారు ఆగిపోయింది. స్టాఫ్ రూములో ఒకాయన, ఇంతకీ ఆ రంజన్ల నీళ్లు తాగొచ్చా తాగకూడదా అని అడిగాడు.

అటెండరు నా గది గుమ్మంలో నిలబడి, "నేను చెడగొట్టిన్నా సార్?" అన్నది. బిగుతు, వేడి, మచ్చలు అంటూ వివరించబోయి ఆమెను ఇంకా ఏడిపించాను. అమ్మాయే వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పెట్టకపోతే గా ఎండకు అవ్వ సీసాలు ఎప్పుడో సచ్చిపోతుండె అక్కా. గవి లేకుంటే మల్ల చేసి చూడనీకి నాకేముండె? ఈ పారి అన్నిట్నీ ఇసుకలనే పెడదాం. జాగా జర పెద్దగ చేద్దాం."

ఇద్దరూ కలిసి వరండాలో ఇటుకలు పేర్చి, ఇసుకను గోడ పొడవునా పరిచారు. అవ్వ సీసాలూ కొత్త సీసాలూ ఒకే తడిలో, పక్కపక్కన కూర్చున్నాయి. ఫెలోషిప్ అయిపోయింది. హాస్టలు ఖాళీ చేయమన్నారు. "నా కిరాయి అర్ర ఉన్నది గదా, ఇద్దరం పడ్తం," అని అటెండరు ఆమె పెట్టెను తన ఇంటికి మోసుకుపోయింది. పోచంపల్లికి ఏమని చెప్పావని అడిగితే, "కట్టు వదులైంది బాపు, మల్ల కడ్తున్న అని చెప్పిన సార్. ఏమనలే," అన్నది. ఆ రోజుల్లో ఆమె బాగా చిక్కిపోయింది. నాకు బాధగా ఉండేది. కానీ చెయ్యగలిగింది సీసాలకు చీటీలు రాసివ్వడమే.

మూడు వంశాలు ఒకదాని తర్వాత ఒకటి చేజారాయి. ఇసుక చల్లదనంలో వాటి కళ్లు అవ్వ కళ్లలాగే మచ్చలతో వచ్చాయి. అవి హద్దులు కావు, వేడికి ఎర్రబడినవే. మూడేళ్ల పనిలో ముప్పాతిక భాగం అలా పోయింది. నాలుగోది మాత్రం అంత చల్లదనంలోనూ నిండుగా ఎర్రగా వచ్చింది. చల్లగా ఉంటే బిగుతు ఎక్కువ పాకుతుంది కాబట్టి, ప్రయోగశాల పెట్టెలో పెట్టే పరీక్ష కంటే ఈ ఇసుక పరీక్షే కఠినమైనది, దానికి అది నిలబడింది.

అయితే ఒక్కదాన్ని చూసి ఎవరూ నమ్మరు. ఆ ఎరుపుకు వేరే కారణం ఏదైనా ఉండవచ్చు. తేల్చుకోవడానికి ఒకటే దారి మిగిలింది. ఇన్సులేటర్ ప్రోటీన్లలో ఒకటి పుట్టుకతోనే లేని ఈగలు ఉన్నాయి, అది లేకపోయినా అవి బతుకుతాయి. వాటితో కలిపి, ఆ లోపాన్ని నాలుగో వంశంలోకి తేవాలి. ఆ హద్దును కాస్తున్నది నిజంగా ఆ ప్రోటీనే అయితే, అది లేనప్పుడు కాపలా పోయి కంట్లో మచ్చలు రావాలి. రాకపోతే ఆమె చేతిలో ఏమీ మిగలదు, చదువు మానేసి వెళ్లి మళ్లీ కట్లు కట్టుకోవడమే. అన్నేళ్లు ఎర్ర కళ్లు రావాలని కోరుకున్నవాళ్లం, ఇప్పుడు మచ్చల కోసం ఎదురుచూశాం. ఈ సంగతి అటెండరుకు ఎవరూ చెప్పలేదు. ఒకసారి వివరించబోయిన అనుభవం నాకు చాలు.

ముసురు పట్టిన ఒక ఉదయం ఆ ఈగలు బయటికి వచ్చాయి. అమ్మాయి వాటికి మత్తు ఇచ్చి తెల్ల పలక మీద పరిచింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. అటెండరు జావ గిన్నె పొయ్యి మీది నుంచి దించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అమ్మాయి ఒక ఈగను కుంచెతో తిప్పి చూసింది, ఇంకోదాన్ని తిప్పి చూసింది.

"మచ్చలున్నయ్ సార్," అన్నది చివరికి.

నేను వెళ్లి చూశాను. ఎరుపు మీద తెల్లగా, స్పష్టంగా ఉన్నాయి. నా సర్వీసులో అంత సంతోషపడిన రోజు ఇంకోటి గుర్తులేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

అటెండరు మా ఇద్దరి ముఖాలు చూసి గోడకు చేరగిలబడింది. "అయ్యో, మల్లనా? ఈ పారి అన్నిట్నీ ఒక్క తీరుగనే చూసిన గదా బిడ్డా."

"గందుకే తెలిసింది అక్కా. ఈటికి మచ్చలొస్తేనే మంచిది."

"మొన్న మచ్చలొస్తే అయ్యో అంటిరి."

"మొన్నటివి వేరే, ఇవి వేరే."

ఆమె నా వైపు తిరిగింది. ఔనన్నాను.

థీసిస్ చిన్నదైంది. నాలుగు హద్దులకు బదులు ఒకటే. ఇసుక సంగతి అందులో ఒక పేరా ఉంది. సీసాలు వేర్వేరు చోట్ల ఉన్నాయని, ఎందుకు మళ్లీ చేయవలసి వచ్చిందని రాసింది. ఎవరు పెట్టారన్నది రాయలేదు. పరీక్షకుడు వచ్చిన రోజు ఆ పేరా దగ్గరే ఎక్కువసేపు ఆగి, ఇది ఎవరి పొరపాటని అడిగాడు. "మా గదిది సార్," అన్నది. టీ గ్లాసులు తెచ్చిన అటెండరు వెనకాల తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆయన పేజీ తిప్పాడు. ఆ అమ్మాయి ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతోంది. పోచంపల్లిలో ఆ మగ్గం మీద వాళ్ల వదిన నేస్తోందట.

ముసురు పట్టిన ఆ ఉదయం సంగతి కొంచెం మిగిలింది. లెక్క అయిపోయిన ఈగలను మేం ఉంచుకోం, స్పిరిటు పోసిన డబ్బాలో పారేస్తాం. ఆ రోజు ఫొటోలు తీసుకున్నాక, మిగిలిన వాటి సీసాలను పారేయడానికి ఒక పక్కన పెట్టి, ఇద్దరం టీ తాగడానికి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి అక్కడ సీసాలు లేవు. అటెండరు వరండాలో గొంతుక్కూర్చుని ఉంది. అవ్వ సీసాలను అటూ ఇటూ జరిపి, నడుమ జాగా చేసి, కొత్త మచ్చల కళ్ల ఈగలను మెడదాకా ఇసుకలో కూర్చోబెడుతోంది.

"వీటికి గూడ కండ్లు సరిగ లెవ్వు గదా సార్," అన్నది నన్ను చూసి.

వాటిని పారేయాలని నేను చెప్పబోయాను. అమ్మాయి అప్పటికే రంజన్‌లో చెంబు ముంచి, వంగి, ఆ సీసాల చుట్టూ ఇసుకలో మెల్లగా నీళ్లు పోస్తోంది.